గురువారం బెవ్ వంతు

ఆర్డిస్ హౌగెన్ ఎవరినీ ఏదీ అడగదు. ఆవిడ గొప్పా అదే, ఆవిడతో చిక్కూ అదే. హెగ్‌లాండ్ ఊళ్ళో మొహమాటం లేని మనిషంటూ ఎవరూ ఉండరు. కాఫీ ఇస్తామంటే రెండుసార్లు వద్దని, మూడోసారి "సరే, సగం కప్పు" అనడం అక్కడి పిల్లలకి పళ్ళు రాకముందే వచ్చేస్తుంది. ఆర్డిస్ మూడోసారి కూడా వద్దనే రకం. నాలుగోసారి అడిగే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు కాబట్టి, ఆవిడకి నిజంగా కాఫీ కావాలో వద్దో ఇన్నేళ్ళుగా తేలనే లేదు.

తను మాత్రం ఊరందరికీ చేస్తుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపింది. మంచు కురిసినా, ఈదురుగాలి బస్సుని పక్కకి తోసేసినా, చక్కెర దుంపల లారీలు రోడ్డంతా మట్టి చేసినా, పిల్లలు బడికి ఆలస్యంగా వెళ్ళింది లేదు. ఇప్పుడు ఊళ్ళో సంసారాలు చేసుకుంటున్న సగంమంది ఒకప్పుడు ఆవిడ అద్దంలోంచి చూసి "కూర్చో" అంటే కిక్కురుమనకుండా కూర్చున్నవాళ్ళే. రిటైరయ్యాక బస్సు వదిలింది కానీ స్టీరింగు వదల్లేదు. కంటి డాక్టరు దగ్గరికి ఒకరు, మోకాలి ఆపరేషనుకి ఒకరు, కీమోకి ఒకరు. ఎవరికి అవసరమైనా తన పాత బ్యూక్ కారులో ఎక్కించుకుని వంద మైళ్ళ దూరంలోని పట్నం తీసుకెళ్ళేది. "నీకెందుకమ్మా శ్రమ" అంటే, "నేనెలాగూ అటే వెళ్తున్నాగా" అనేది. అటు ఆవిడకి ఏ పనీ ఉండదని ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. అదీ మొహమాటమే.

అలాంటి మనిషికి ఆ ఏడు దుంపల కోతల ముందు రొమ్ములో గడ్డ బయటపడింది.

చేతికి తగిలేంతది కాదు. ఏడాదికోసారి వచ్చే మామోగ్రామ్ వ్యానులో తీసిన ఫోటోలో కనబడింది. పట్నంలో సూదితో ముక్క తీసి చూశారు. చిక్కుడు గింజంత ఉంది, కేన్సరే, కానీ ఇంకా మొదట్లోనే ఉందన్నారు. ఆర్డిస్ ఇంటికొచ్చి, భోజనాల బల్ల దగ్గర మొగుడికి చెప్పింది.

నార్వల్ రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు వాగుడుకాయ కింద లెక్క. విన్నాడు. "ఊఁ" అన్నాడు. లేచి కోటు వేసుకుని బయటికి పోయాడు. ఆర్డిస్ కిటికీలోంచి చూస్తే, బ్యూక్ బానెట్ ఎత్తి ఆయిలు చూస్తున్నాడు. తర్వాత టైర్లలో గాలి చూశాడు. తర్వాత అద్దాలు తుడిచాడు, తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచాడు. నార్వల్ ఏడుపు అలాగే ఉంటుంది. లోపలికొచ్చేసరికి ముక్కు ఎర్రగా ఉంది. "చలి" అన్నాడు.

ఆపరేషన్ చేసే డాక్టరు ఫెల్డ్‌మన్. పొట్టిగా ఉంటుంది, నవ్వు మొహం, మాట్లాడితే రెండు చేతులూ గాల్లో ఆడతాయి.

"చూడండి ఆర్డిస్ గారూ, గడ్డ చిన్నది. మీ వయసుకీ, ఆ గడ్డ రకానికీ ఒక పద్ధతి కుదురుతుందని నా ఉద్దేశం. గడ్డ తీసేశాక అక్కడ చిన్న గుంటలా ఖాళీ మిగులుతుంది కదా? మీరు మత్తులో ఉండగానే, పుల్ల చివర బంతిలాంటి పరికరం ఆ గుంటలో పెడతాం. అది లోపల్నించే రేడియేషన్ ఇస్తుంది. ఓ అరగంట. తీసేసి కుట్లు వేసేస్తాం."

"అంతేనా? ఇంక రోజూ రానక్కర్లేదా?"

"అది ఇప్పుడే మాటివ్వను. తీసిన ముక్క పరీక్షకి పంపిస్తాం. అంచులు శుభ్రంగా ఉండి, చంకలోని గ్రంథులకి పాకకపోతే ఇంక రేడియేషన్ అక్కర్లేదు. ఒకవేళ తేడా ఉంటే మాత్రం మిగతా రొమ్ముకి కూడా ఇవ్వాలి. అది కొన్ని వారాలు, రోజూ రావాలి."

"ఇది అందరికీ చేస్తారా?"

"చెయ్యం. మీలా తొందరగా పట్టుబడ్డవాళ్ళలో కొందరికే."

ఆర్డిస్ మనసు కుదుటపడింది. చావు గురించి కాదు ఆవిడ బెంగ. రోజూ వంద మైళ్ళు వెళ్ళి వంద మైళ్ళు రావాలంటే తనని ఎవరు తీసుకెళ్తారో, వాళ్ళ పనులెన్ని చెడతాయో అని బెంగ. ఒకరికి బరువు కావడం కంటే బంతి మింగడం నయం అనుకునే మనిషి.

ఆపరేషన్ బాగానే జరిగింది. చంక కింద కాస్త సలుపు, కాస్త బిగుతు, అంతే. ఇక రిపోర్టు రావాలి. అది అనుకున్నదానికంటే ఆలస్యమైంది. ఈలోపు కొంప ముంచింది నార్వలే.

ధాన్యం గోదాము దగ్గర రోజూ పొద్దున్నే రైతులు కాఫీకి చేరతారు. అక్కడ ఎవరో "ఆర్డిస్‌కి ఎలా ఉంది నార్వల్?" అని అడిగారు. నార్వల్ ఆ రోజు కోటాలోంచి మూడు మాటలు తీసి, "వారాల తరబడి రేడియేషన్" అన్నాడు. ముందున్న 'ఒకవేళ'ని కాఫీతోపాటు మింగేశాడు.

మధ్యాహ్నానికి ఫోను మోగింది. అవతల ఓర్ఫా. చర్చి ఆడవాళ్ళ గుంపుకి పెద్ద. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా, ఒకరి నుంచి ఒకరికి కబురందించే ఫోను గొలుసు ఆవిడ దగ్గరే మొదలవుతుంది. ఓర్ఫా ఫోను చేస్తే అవతలివాళ్ళు వినాలి. మాట్లాడ్డానికి సందుండదు.

"ఏమే ఆర్డిస్, ఏమీ మాట్లాడకు, అన్నీ అయిపోయాయి. నువ్వు వద్దంటావని తెలుసు కాబట్టే అడగలేదు. వచ్చే సోమవారం నుంచి మొదలు. సోమవారం నేను తీసుకెళ్తా. మంగళవారం, శుక్రవారం డ్వేన్. బుధవారం పాస్టరు. ఊళ్ళో వాళ్ళు వంతులు చాలక కొట్టుకుంటున్నారు తెలుసా? నీ కారెక్కని ఇల్లు ఉందా ఈ ఊళ్ళో? వంట జోలికి పోకు, ఇంటింటి నుంచీ వండిన హాట్‌డిష్‌లు రేపట్నించి వస్తాయి, ఫ్రిజ్ ఖాళీ చేసి పెట్టు."

"ఓర్ఫా, అది కాదు, ఇంకా రిపోర్టు..."

"రిపోర్టుదేముందే, వస్తుంది. సరే, గురువారం ఎవరో చెప్పుకో చూద్దాం."

ఆర్డిస్ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"మీ బెవ్! తనే ఫోను చేసింది నాకు. 'గురువారం నాకివ్వు, ఇంకెవరికీ ఇవ్వకు' అంది. హలో? ఉన్నావా?"

ఆర్డిస్ ముక్కాలి పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఉన్నా" అంది.

బెవ్ ఆర్డిస్‌కి తోడబుట్టిన చెల్లెలు. ఒకే మంచం మీద ముడుచుకుని పడుకుని, ఒకే కోటు వంతులేసుకుని తొడిగి పెరిగిన ఇద్దరు. అక్క నోరు తెరవదు, చెల్లెలు నోరు మూయదు. ఈ రెండూ కలిపితే ఒక నిండు మనిషి అయ్యేదని వాళ్ళమ్మ అంటూండేది. ఆ అమ్మ పోయిన రోజునే ఇద్దరికీ చెడింది.

మార్చి నెల, మంచు తుఫాను. అమ్మకి చివరి ఘడియలని నర్సు చెప్పింది. బెవ్ ఉండేది అరవై మైళ్ళ దూరంలో. ఆర్డిస్ ఫోను చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. సాయంత్రానికి అంతా అయిపోయాక చేసింది. "నీకెందుకు శ్రమ అని" అంది. బెవ్ ఫోను పెట్టేసింది. తొమ్మిదేళ్ళుగా అది అలా పెట్టేసే ఉంది. అంత్యక్రియల్లో చర్చి వంటగదికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు గిన్నెలు తోమారు. తర్వాత క్రిస్మస్‌కి కార్డులు వెళ్ళేవి, వచ్చేవి. రెండు వైపులా "బాగున్నాం" అనే ఒక్క ముక్కే ఉండేది. ఆర్డిస్ ఎన్నోసార్లు ఫోను తీసింది. ఏమని మొదలెట్టాలో తెలిసేది కాదు. 'నువ్వు కావాలి' అనే మాట ఆవిడ నోట్లో ఎప్పుడూ పుట్టలేదు. పుట్టని మాటని ఎక్కణ్ణించి తెస్తుంది?

ఇప్పుడు బెవ్ తనంతట తానే అడిగి గురువారం తీసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు ఫెల్డ్‌మన్ ఫోను చేసింది. "శుభవార్త. అంచులు శుభ్రం, గ్రంథులు శుభ్రం. ఇంక రేడియేషన్ అక్కర్లేదు. రోజుకో మాత్ర, కొన్నేళ్ళు వేసుకోవాలి. ఏడాదికోసారి ఫోటో. వెళ్ళి హాయిగా ఉండండి."

ఆర్డిస్ థాంక్స్ చెప్పింది, ఏడ్చింది, ముక్కు తుడుచుకుని నార్వల్‌కి చెప్పింది. నార్వల్ తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"బాగానే ఉంది" అన్నాడు. పెళ్ళి రోజున కూడా అంతే అన్నాడు. ఆయన దగ్గర అంతకుమించిన పొగడ్త లేదు.

తర్వాత, "ఓర్ఫాకి చెప్పు" అన్నాడు.

ఆర్డిస్ ఫోను తీసింది. తీసి, పట్టుకుని, పెట్టేసింది.

ఓర్ఫాకి చెబితే కాఫీ చల్లారేలోపు జిల్లా అంతా తెలిసిపోతుంది. బెవ్‌కీ తెలుస్తుంది. "ఓ, మంచిదే" అనుకుని గురువారం తన పని తను చూసుకుంటుంది. తొమ్మిదేళ్ళకి తెరుచుకున్న తలుపు రోగం తగ్గిందన్న శుభవార్తకి మూసుకుపోతుంది.

"చెప్పను" అంది ఆర్డిస్.

నార్వల్ చెంచా కింద పెట్టాడు. "అయితే గురువారం వెళ్తావా?"

"వెళ్తా."

"సోమవారం?"

"సోమవారం వెళ్ళకపోతే గురువారం ఎలా ఉంటుంది?"

"మంగళవారం?"

"వెళ్ళాలి."

"బుధవారం కూడానా? పాస్టర్‌తో?"

ఆర్డిస్ లేచి బల్ల తుడవడం మొదలెట్టింది.

"దేవుడు చూస్తాడు ఆర్డీ."

"ఆయనకి రిపోర్టు ముందే తెలుసులే."

సోమవారం పొద్దున్నే ఓర్ఫా వచ్చింది. దారంతా ఆవిడే మాట్లాడింది కాబట్టి ఆర్డిస్‌కి అబద్ధం చెప్పే అవసరమే పడలేదు. అసలు గండం ఆసుపత్రిలో వచ్చింది. ఓర్ఫా అల్లిక సంచీ, ఫ్లాస్కు చంకనేసుకుని, "పద, నేనూ లోపలికొస్తా" అంది.

"లోపలికి రానివ్వరే."

"తలుపు దాకా వస్తాను."

"తలుపు దగ్గర కూడా... కిరణాలు ఉంటాయంట."

ఓర్ఫా చటుక్కున కింద హాల్లో కుర్చీలో కూర్చుంది. ఆర్డిస్ లిఫ్టు ఎక్కి, చేతికొచ్చిన బొత్తాం నొక్కింది. తీరా దిగితే అది పురిటివాళ్ళ అంతస్తు. అక్కడే ఒక మూల కూర్చుంది. కొత్తగా తాతైన పెద్దమనిషొకడు అందరికీ చాక్లెట్లు పంచుతూ, "మీకు మనవడా, మనవరాలా?" అని అడిగాడు. "ఇంకా తెలీదండీ" అంది ఆర్డిస్. అబద్ధాలు అలా ఒకదాని వెనక ఒకటి కోడిపిల్లల్లా పుట్టుకొస్తున్నాయి.

కిందికి రాగానే ఓర్ఫా మొహంలోకి చూసింది. "ఎర్రబడ్డావే! మెషిను అంత వేడా?"

"కొంచెం."

"పాపం తల్లీ! నువ్వు లోపలున్నంతసేపూ ప్రార్థన చేస్తూనే ఉన్నా."

ఆర్డిస్ మొహం ఇంకా ఎర్రబడింది.

మంగళవారం డ్వేన్ పాత పికప్ బండిలో వచ్చాడు. డ్వేన్ రైతు, భార్య పోయినవాడు. నడిపితే పక్కన కాలినడకన పోయేవాడు పలకరించి మాట్లాడొచ్చు. కోతలై రోడ్ల పక్కన కొండల్లా పోసిన దుంపల కుప్పలు కనబడితే చాలు, ఆపి, "ఈ ఏడు బాగా లావుగా వచ్చాయి" అని, మళ్ళీ బయల్దేరతాడు. సన్నగా మంచు మొదలైంది. మలుపు దగ్గర బండి ఒకసారి జారింది. డ్వేన్ చప్పుడు చెయ్యకుండా సరిదిద్దుకున్నాడు. చాలా దూరం పోయాక నోరు విప్పాడు.

"మా షార్లీన్‌ని కీమోకి నువ్వే తీసుకెళ్ళావు."

"నేనెలాగూ అటే వెళ్తుండేదాన్నిగా."

"నువ్వు అటు వెళ్ళే పనేం లేదని నాకు తెలుసు ఆర్డిస్." డ్వేన్ రోడ్డు మీంచి కళ్ళు తీయలేదు. "ఆ రోజుల్లో నేను పొలంలో ఉన్నా. దున్నిందే మళ్ళీ దున్నా. ఆసుపత్రి వాసన తట్టుకోలేక. అది పోయాక అనిపించింది, ఒక్కసారైనా నేను తీసుకెళ్ళుంటే బాగుండేదని. అందుకే రెండ్రోజులు అడిగి తీసుకున్నా. నాకిది కావాలి. నువ్వు ఎలా ఉన్నావో చెప్పక్కర్లేదు, ఊరికే కూర్చో."

ఆర్డిస్ ఊరికే కూర్చుంది. ఇన్నేళ్ళూ తను ఊరికి చేస్తున్నది సాయం అనుకుంది. తీసుకోవడం కూడా ఒక సాయమేనని ఎవరూ చెప్పలేదు. ఈ డ్వేన్‌తో, 'నాకు ఏ మెషినూ లేదు, నీ పెట్రోలు దండగ' అని ఎలా చెప్పడం? ఆ రోజు ఆసుపత్రిలో కింద కూర్చుని ఒక కప్పు సూప్ తాగింది.

బుధవారం పాస్టర్ కోల్బీ. కుర్రాడు, ఊరికి కొత్త. ఆసుపత్రి ముందు కారాపి, "ఒక్క నిమిషం ఆర్డిస్ గారూ" అని కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ ఉదయం ఆ యంత్రాన్ని నీ చేతుల్లోకి తీసుకో. దాన్ని నడిపేవారి చూపు చెదరకుండా చూడు. అది తగలాల్సిన చోటే తగిలేలా చెయ్యి..."

ఆర్డిస్ ఒక కన్ను తెరిచి చూసింది. కుర్రాడి నుదురు ముడిపడి ఉంది, అంత శ్రద్ధగా అడుగుతున్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి దగ్గులా బయటికొచ్చాయి.

"ఆమెన్" అంది, చీమకి కూడా వినబడనంత మెల్లగా.

గురువారం వచ్చింది.

బెవ్ కారు చెప్పిన టైముకంటే ముందే వచ్చి ఇంటిముందు ఆగింది. దిగలేదు. హారను కొట్టింది. నార్వల్ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మం దాటాడు.

"బెవ్" అన్నాడు.

"నార్వల్" అంది.

తొమ్మిదేళ్ళ తర్వాత బావామరదళ్ళ కుశలప్రశ్నలు అలా ముగిశాయి. ఆర్డిస్ ఎక్కి సీటు బెల్టు పెట్టుకుంది. బెవ్ జుట్టు బాగా తెల్లబడింది. చేతులు మాత్రం అచ్చు అమ్మవే. ఆర్డిస్ ఆ చేతుల్ని చూస్తూ కూర్చుంది. ఊరు దాటారు, రైలు పట్టాలు దాటారు.

"హీటరు ఎక్కువైందా?" అంది బెవ్ చివరికి.

"లేదు, బాగుంది."

"తగ్గించమంటావా?"

"నీకెలా బాగుంటే అలా."

"నాకెలా అని కాదే, నీకెలా అని అడిగా. ఉక్కగా ఉందా, లేదా?"

"కొంచెం."

"ఆ ముక్క చెప్పడానికి ఇరవై మైళ్ళు పట్టింది నీకు." బెవ్ హీటరు ఠక్కున తగ్గించింది. కాసేపాగి, "నొప్పిగా ఉంటోందా?" అంది. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"లేదు."

"మండుతోందా? రేడియేషన్‌కి చర్మం కమిలిపోతుందంటగా. నీకోసం కలబంద జిగురు తెచ్చా. వెనక సంచీలో ఉంది. రొట్టెల్లో గుడ్డు పెట్టి తెచ్చా. అలసటగా ఉంటే సీటు వెనక్కి వాల్చుకో. లోపలికి నేనూ వస్తాను, ఓర్ఫాని రానివ్వలేదంటగా, నన్ను ఎవడు ఆపుతాడో చూస్తా. ఆ మెషినుతో నేను మాట్లాడతా."

ఆర్డిస్ వెనక్కి తిరిగి చూసింది. సంచీలో కలబంద సీసా, మెత్తటి దుప్పటి, ఉన్ని మేజోళ్ళు. ఓర్ఫాతో అబద్ధమాడింది, పాస్టర్ ప్రార్థనకి ఆమెన్ అంది. ఆ మేజోళ్ళ ముందు మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

"బెవ్, కారు పక్కకి ఆపు."

"వాంతొస్తోందా?"

"ఆపు."

బెవ్ ఒక దుంపల కుప్ప పక్కన ఆపింది.

"రేడియేషన్ లేదు" అంది ఆర్డిస్.

"ఇవాళ సెలవా?"

"ఇవాళే కాదు, అసలు లేదు. ఆపరేషన్ బల్ల మీదే ఇచ్చేశారు. గడ్డ తీసిన చోట లోపల బంతిలాంటిది పెట్టి అరగంట ఉంచారంట. నాకు తెలివి కూడా లేదు. శుక్రవారం రిపోర్టు వచ్చింది. అంతా శుభ్రం. ఇంకేం అక్కర్లేదు."

బెవ్ అక్క మొహంలోకి చూసింది. "బాగైపోయిందా నీకు?"

"ఆఁ."

బెవ్ ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. "మరి నిన్న పాస్టర్‌తో ఎక్కడికెళ్ళావు?"

"ఆసుపత్రికే."

"ఏం చేశావక్కడ?"

"కూర్చున్నా."

"మొన్న?"

"సూప్ తాగా."

"అటు మొన్న?"

"పురిటివాళ్ళ దగ్గర కూర్చున్నా. చాక్లెట్ ఇచ్చారు."

బెవ్ తలుపు తోసి దిగింది. ఆ చలిలో కారు చుట్టూ ఒకసారి తిరిగింది, ఆగింది, దుంపల కుప్పలోంచి జారిన ఒక దుంపని కాలితో తన్నింది. దుంప గట్టిది, కాలికే తగిలింది. కుంటుకుంటూ వచ్చి లోపల కూర్చుని తలుపు వేసింది.

"అమ్మ పోతుంటే నేను కావాల్సొచ్చింది, పిలవలేదు. ఇప్పుడు నాతో చిల్లిగవ్వంత పని లేదు, ఇంత దూరం రప్పించుకున్నావు! నీ బుర్రని ఎవరు తిరగేసి బిగించారే?"

"గురువారం నువ్వే అడిగావని ఓర్ఫా చెప్పింది. బాగైపోయిందని చెబితే నువ్వు రావు కదా. గురువారం పోగొట్టుకోలేకపోయా."

"ఫోను చేసి రమ్మనొచ్చుగా!"

"ఏమని?"

"రమ్మనే! దానికి కారణం కావాలా? చెల్లెల్ని పిలవడానికి కేన్సరు తెచ్చుకోవాలా?"

ఆర్డిస్ తల దించుకుంది. అద్దాల మీద సన్నగా మంచు పడుతోంది. బెవ్ ఇంజను ఆపలేదు.

"ఆ రోజు సంగతి చెప్పు" అంది. "అమ్మ పోయిన రోజు. మొత్తం."

ఆర్డిస్ చెప్పింది. గాలికి కిటికీలు కొట్టుకోవడం, హైవే మూసేశారని రేడియోలో రావడం, అమ్మ పెదాలు తడపడం. "రోడ్లు మూసేసినా నువ్వు ఆగవని నాకు తెలుసు. ఏ గుంటలోనో పడి... ఇద్దర్నీ ఒకే రోజు పోగొట్టుకుంటానేమోనని భయమేసింది బెవ్. శ్రమ అన్నాను కానీ శ్రమ కాదు. భయం."

"నా గురించి అడిగిందా?"

ఇది ఆర్డిస్ తొమ్మిదేళ్ళుగా గుండెల్లో దాచుకున్నది. నార్వల్‌కి కూడా చెప్పలేదు.

"రెండుసార్లు అడిగింది. 'బెవ్ వచ్చిందా' అని."

"ఏం చెప్పావు?"

"దారిలో ఉందన్నా."

బెవ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వింది అమ్మ. 'అది నడిపితే రోడ్డు మీద కుక్కలే పక్కకి తప్పుకోవాలి' అంది. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. నువ్వు వస్తున్నావనే అనుకుని పోయింది."

బెవ్ నవ్వబోయి ఏడ్చింది. స్టీరింగు మీద తల ఆనించి, తొమ్మిదేళ్ళదీ ఒకేసారి ఏడ్చింది. ఆర్డిస్‌కి ఏం చెయ్యాలో తెలీక, చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఆపరేషనైన వైపు చెయ్యి, సలుపుతోంది, అయినా తీయలేదు.

"అయినా తేల్చుకోవాల్సింది నేను" అంది బెవ్, ముక్కు చీదుకుంటూ. "రావాలో, గుంటలో పడాలో. నువ్వు కాదు."

"అవును. తప్పు నాదే."

"మళ్ళీ చెప్పు."

"తప్పు నాదే."

"ఇంకోసారి. హీటరు మోతకి సరిగ్గా వినబడలేదు."

"చాల్లే."

బెవ్ కళ్ళు తుడుచుకుని ఫోను తీసి అక్క చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఓర్ఫాకి చెప్పు. నీ నోటితోనే. లేని మెషిను కోసం పాస్టరు ఎన్నాళ్ళు ప్రార్థిస్తాడు?"

ఆర్డిస్ చెప్పింది. అవతల ఓర్ఫాకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు పడిపోయింది.

"అంటే సోమవారం... మెషినే లేదా?" అంది చివరికి.

"లేదు."

"మరి మొహం అంత ఎర్రగా ఎందుకుంది?"

"సిగ్గుతో."

"నేను అంతసేపు ప్రార్థన చేశానే ముండా!"

"ఫలించింది కదా, ఇంకేం!" అని బెవ్ పక్కనుంచి అరిచింది.

"బెవ్ గొంతేనా అది? మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?" ఓర్ఫా గొంతు మారిపోయింది. "సరే సరే, నేను పెట్టేస్తున్నా, నాకు చాలామందికి ఫోన్లు చెయ్యాలి. కానీ డ్వేన్‌కి మాత్రం నువ్వే చెప్పుకో. రేపటికని బండికి చలికాలం టైర్లు కొత్తవి వేయించాడు. మంగళవారం నిన్ను ఎక్కించుకుని జారిందని ఒకటే బాధపడిపోయాడు. నేను చెప్పలేను తల్లీ."

డ్వేన్ ఫోనెత్తాడు. ఆర్డిస్ సంగతంతా చెప్పింది, క్షమించమంది.

"మంచిది" అన్నాడు. "చాలా మంచిది ఆర్డిస్. నిజంగా." ఆగి, "అయితే రేపు ఇంక వెళ్ళే పని లేదన్నమాట" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది.

ఆర్డిస్ కారు అద్దంలోంచి దుంపల కుప్పని చూసింది. ఆవిడకి చెమట పట్టింది. హీటరు వల్ల కాదు.

"డ్వేన్" అంది. "పని లేదు కానీ, నాకు రేపు పట్నం వెళ్ళాలని ఉంది. ఊరికే. ఆసుపత్రి ఎదురుగా ఒక హోటల్లో పాకం పోసిన కేరమెల్ రోల్స్ బాగుంటాయంట. నన్ను తీసుకెళ్తావా?"

ఒకరిని ఒకటి కావాలని అడగడం ఆవిడ జన్మలో అదే మొదలు. బెవ్ నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏడింటికి వస్తా" అన్నాడు డ్వేన్ ఠక్కున.

ఆ రోజు బెవ్ తన ఊరికి పోలేదు. ఫ్రిజ్‌లో పేరుకుపోయిన హాట్‌డిష్‌లు ఎవరో ఒకరు తినాలి కదా అంది. శుక్రవారం ఏడు కాకముందే డ్వేన్ పికప్ వచ్చి నిలబడింది. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నార్వల్ బయటికొచ్చి నాలుగు టైర్లనీ ఒక్కొక్కటే కాలితో తట్టి చూసి, "బాగానే ఉన్నాయి" అన్నాడు. డ్వేన్ మొహం వెలిగిపోయింది.

ఉన్నది ముందు సీటు ఒకటే. మధ్యలో బెవ్ ఇరుక్కుంది. కిటికీ పక్కన ఆర్డిస్. డ్వేన్ తన మామూలు నడకతో రైలు పట్టాలు దాటించాడు.

"ఏమయ్యా, ఈ లెక్కన మనం చేరేసరికి కేరమెల్ రోల్స్ కాదు, వాళ్ళు గిన్నెలు తోముకుంటుంటారు" అంది బెవ్.

"మంచు ఉంది" అన్నాడు డ్వేన్.

"ఆ మంచు నిన్న సాయంత్రమే కరిగింది."

డ్వేన్ ఒక కుప్ప పక్కన బండి మెల్లగా చేశాడు. "ఈ ఏడు బాగా లావుగా వచ్చాయి."

బండి కుదిపినప్పుడల్లా బెవ్ మోచెయ్యి ఆర్డిస్ కుట్ల దగ్గర గుచ్చుకుంటోంది. ఇంకో రోజైతే వంద మైళ్ళూ అలాగే పళ్ళు బిగించుకుని కూర్చునేది.

"కాస్త అటు జరగవే బెవ్" అంది. "నాకు చోటు చాలట్లేదు."

బెవ్ అక్క వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. ఏమీ అనకుండా డ్వేన్ వైపుకి జరిగింది.